హెడ్‌హంటింగ్ ఉద్యోగం: నాలుగేళ్లు చేసి వచ్చాక నా రివ్యూ

నాలుగేళ్ల రెండు నెలలు కంపెనీలకు పెద్ద పదవులకి మనుషుల్ని వెతికిపెట్టే ఒక ఎగ్జిక్యూటివ్ సెర్చ్ కంపెనీలో కన్సల్టెంట్‌గా చేసి మొన్న సెప్టెంబరులో మానేశాను. అప్పట్నుంచి నెలకు ఇద్దరైనా ఫోన్ చేసి "ఆ లైన్ ఎలా ఉంటుంది మేడమ్, చేరమంటారా?" అని అడుగుతున్నారు. చాలామంది నాలాగే ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో పదేళ్లు చేసి విసిగిపోయినవాళ్లు. ఒక్కొక్కరికీ గంటసేపు చెప్పలేక రాసి పెడుతున్నాను. కంపెనీ పేరు అడగొద్దు. హైదరాబాద్‌లో ఈ పని చేసేవాళ్లలో ఒకరి సంగతి ఒకరికి తెలుసు. పైగా పేరు బయటికి చెప్పకపోవడమే ఈ ఉద్యోగంలో మొదటిరోజు నేర్పే పాఠం. ముంబైలో హెడ్డాఫీసు, జూబ్లీహిల్స్‌లో ఒక పాత బంగ్లా పైఅంతస్తులో మా బ్రాంచి, పద్నాలుగు మందిమి. ఈ మాత్రం చాలు.

అంతకుముందు తొమ్మిదేళ్లు పాశమైలారంలో మందుల ఫ్యాక్టరీ హెచ్ఆర్‌లో ఉన్నాను. క్యాంటీన్ గొడవలు, షిఫ్టు బస్సులు, కాంట్రాక్టు లేబర్ హాజరు. ఏసీ గదిలో కూర్చుని కోటి రూపాయల జీతాలవాళ్లతో మాట్లాడే పని అనగానే ఎగిరి గంతేశాను. మా అమ్మకు మాత్రం అనుమానమే. హన్మకొండ నుంచి ఫోన్ చేసి, "అమీర్‌పేటల పైసలు కట్టించుకొని నౌకరి ఇప్పిస్తం అంటరు చూడు, గదేనా బిడ్డా?" అని అడిగింది. కాదమ్మా, ఉద్యోగంలో చేరే మనిషి దగ్గర పైసా తీసుకోం, కంపెనీయే ఇస్తుంది అన్నాను. "గట్లయితే పెండ్లిళ్ల పేరయ్యవన్నట్టు. మరి పెండ్లి కుదరకపోతే?" అంది. ఈ వ్యాపారం అంతా ఆ ప్రశ్నలోనే ఉంది.

కుదరకపోయినా మాకు డబ్బులొస్తాయి. మామూలు రిక్రూట్‌మెంట్ ఏజెన్సీలు మనిషి చేరాకే బిల్లు వేస్తాయి. మన దగ్గర 8.33 శాతం అనే మాట వాడుకలో ఉంది, అంటే ఏడాది జీతంలో పన్నెండో వంతు, ఒక నెల జీతం. మాది రిటైనర్. పని ఒప్పుకోగానే మొదటి వాయిదా, షార్ట్‌లిస్ట్ ఇచ్చాక రెండోది, పని ముగిశాక మూడోది. ప్రపంచమంతటా చెప్పుకునే లెక్క మొదటి ఏడాది జీతంలో మూడో వంతు. ఇక్కడ బేరాలాడి 20 నుంచి 30 శాతం మధ్య ఎక్కడో తెగుతుంది. 1.2 కోట్ల జీతానికి 25 శాతం అనుకుంటే 30 లక్షలు, మూడు పదులు, పైన 18 శాతం జీఎస్టీ. ఆ మొదటి పది లక్షలు ఒక్క పేరు కూడా చెప్పకముందే వస్తాయి. ఫ్యాక్టరీలో హెల్మెట్ల కొటేషన్‌కి మూడు సంతకాలు అడిగే చోటినుంచి వచ్చినదాన్ని, మొదటి ఇన్వాయిస్ చూసి రెండుసార్లు సున్నాలు లెక్కపెట్టుకున్నాను.

అంత డబ్బు దేనికి ఇస్తారు? వెతికి పెట్టినందుకు అనుకుంటారు బయటివాళ్లు. ఇప్పుడు వెతకడం ఎవరికైనా వస్తుంది, లింక్డ్‌ఇన్ ఉంది. ఇచ్చేది గుట్టుకి, ఓపికకి. ప్రమోటర్ తన సీఈఓని మార్చాలనుకుంటున్నాడు, ఆ సీఈఓ పక్క గదిలోనే కూర్చుని ఉంటాడు. పేపర్లో ప్రకటన వేస్తాడా? అక్కడ మేం కావాలి. మైక్రోసాఫ్ట్ కూడా 2013 ఆగస్టులో అప్పటి సీఈఓ స్టీవ్ బామర్ తప్పుకుంటానన్నాక హైడ్రిక్ అండ్ స్ట్రగుల్స్ అనే సెర్చ్ సంస్థ సాయం తీసుకుని అయిదు నెలలకు పైగా వెతికి, చివరికి 2014 ఫిబ్రవరి 4న తమ ఇంట్లో ఉన్న సత్య నాదెళ్లనే కూర్చోబెట్టింది. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అని మా మామగారు ఇప్పటికీ నవ్వుతారు. కానీ ఊరంతా చూసొచ్చాక చంకలో బిడ్డే మేలు అని చెప్పడానికి బోర్డుకి ఒక ధైర్యం కావాలి. మా దగ్గర కూడా నాలుగైదు సార్లు లోపలి మనిషికే కుర్చీ దక్కింది. క్లయింటు ఒక్కరూ ఫీజు గురించి గొణగలేదు.

పని ఎలా జరుగుతుందో చెబుతాను, ఎందుకంటే ఇంటర్వ్యూలో చెప్పేది ఒకటి, జరిగేది ఒకటి. క్లయింటుతో కూర్చుని ఎలాంటి మనిషి కావాలో రాసుకుంటాం. ఆ మనిషి ఏయే కంపెనీల్లో ఉండొచ్చో జాబితా వేస్తాం, దీన్ని మ్యాపింగ్ అంటారు. రీసెర్చ్‌లో ఉన్న కుర్రాళ్లు ఒక్కో కంపెనీలో ఎవరి కింద ఎవరున్నారో గీసి ఇస్తారు. అందులోంచి పాతిక ముప్పై మంది లాంగ్‌లిస్ట్, నేను మాట్లాడాక నలుగురైదుగురు షార్ట్‌లిస్ట్. తర్వాత క్లయింటు ఇంటర్వ్యూలు, రిఫరెన్సులు, ఆఫర్, మూడు నెలల నోటీసు. పిలుపు నుంచి చేరే రోజు దాకా సులువుగా ఏడెనిమిది నెలలు.

హైదరాబాద్ మందుల కంపెనీల మ్యాపింగ్ ఒక తమాషా. ఏ పెద్దాయన చరిత్ర తవ్వినా రెండు మూడు మెట్లు దిగగానే బాలానగర్‌లోని ప్రభుత్వ మందుల ఫ్యాక్టరీ ఐడీపీఎల్ తగులుతుంది. 1984లో డాక్టర్ రెడ్డీస్ పెట్టిన అంజిరెడ్డిగారు కూడా ఒకప్పుడు అక్కడ పనిచేసినవారే. అక్కడినుంచి ఒకరి దగ్గర పనిచేసి బయటికొచ్చి మరొకరు పెట్టుకుంటూ పోయారు. అందుకే ఇక్కడ 'బయటి మనిషి' అన్న మాటే లేదు. నేను ఫోన్ చేసిన మనిషి ఆ సాయంత్రమే మా క్లయింటు బావమరిదితో వాకింగ్ చేస్తుంటాడు.

మొదటి ఫోన్ ఒక కళ, అది నేర్చుకోవడానికి నాకు ఏడాది పట్టింది. "మీకు ఉద్యోగం మారే ఉద్దేశం ఉందా?" అని అడగకూడదు. లేదనే అంటారు. "ఇలాంటి పోస్టు ఒకటి ఉంది సార్, మీ ఎరుకలో తగినవాళ్లెవరైనా ఉన్నారా?" అని అడగాలి. పది సెకన్లు మౌనం. వెనకాల తలుపు వేసిన చప్పుడు, మెట్లెక్కుతున్న చప్పుడు. తర్వాత టెర్రస్ గాలి వినిపిస్తుంది. "ఆ పోస్టు రిపోర్టింగ్ ఎవరికండీ?" అన్నారంటే తగినవాళ్లు తామేనని అర్థం. ఈ ఉద్యోగంలో నాకు బాగా నచ్చినది అదే. యాభై ఏళ్ల మనిషి, కింద రెండు వేల మంది పనిచేసేవాడు, రాత్రి తొమ్మిదిన్నరకు కార్లో కూర్చుని ఇంట్లో కూడా చెప్పని మాటలు నాకు చెప్పేవాడు. ప్రమోటర్ కొడుకు వచ్చాక తనని మీటింగులకు పిలవడం మానేశారని. బీపీ మాత్ర డోసు పెరిగిందని. ఆ మాటలు వినడానికి జీతం ఇస్తారంటే మొదట్లో నమ్మలేకపోయాను.

విషయం తెలిసి ఉండటం ఎంత ముఖ్యమో ఒక్క పోస్టుతో చెబుతాను. విశాఖ దగ్గర ఒక ప్లాంటుకి క్వాలిటీ హెడ్ కావాలన్నారు. అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్టర్లు తనిఖీ ముగించుకుని వెళ్తూ లోపాలు రాసి చేతిలో పెట్టే కాగితం ఫారం 483. దానికి 15 పనిదినాల్లో జవాబు చెప్పుకోవాలి. ఆ ప్లాంటుకి అది అప్పుడే వచ్చింది, క్వాలిటీ కుర్చీ అప్పుడే ఖాళీ అయింది. మా పార్ట్‌నర్ లీడర్‌షిప్, విజన్ అని నాలుగు పేజీల ప్రశ్నలు ఇచ్చారు. నేను ఒక్కటే అడిగాను: "మీ ప్లాంటులో ఆఖరిసారి 483 వచ్చినప్పుడు ఆ రాత్రి ఏం చేశారు?" ఒకాయన కన్సల్టెంట్లను పిలిపించానన్నారు. ఒకాయన తనకు ఎప్పుడూ రాలేదన్నారు. మూడో ఆయన, "బ్యాచ్ రికార్డుల గదికి తాళం వేయించి తాళంచెవి నా జేబులో పెట్టుకున్నా మేడమ్. భయంలో మనవాళ్లు రాత్రికి రాత్రి ఏదైనా దిద్దితే లోపం కాస్తా మోసం అవుతుంది" అన్నారు. ఆయనకే వచ్చింది ఉద్యోగం. ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

ఇక చేదు. ఒక ప్లాంట్ హెడ్‌ని నేనే పెట్టాను, అయిదో నెలలో వెళ్లిపోయాడు. ఆరునెలల్లోపు మనిషి పోతే మళ్లీ ఫీజు లేకుండా వెతికిపెట్టాలని మా ఒప్పందం. మళ్లీ ఏడు నెలల పని, ఒక్క రూపాయి రాకుండా. అతను ఇచ్చిన ఆరు రిఫరెన్సులతో మాట్లాడాను, అందరూ వైస్ ప్రెసిడెంట్లే, అందరూ బంగారం అన్నారు. తన రిఫరెన్సులు తనే ఇచ్చుకున్న మనిషి గురించి ఇంకేం అంటారు? కింద పనిచేసినవాళ్లని విడిగా కనుక్కోవాలి, దాన్ని బ్యాక్‌డోర్ రిఫరెన్స్ అంటారు. క్లయింటు తొందరపెడుతున్నాడని వదిలేశాను. అతను షాప్ ఫ్లోర్‌లో ఆపరేటర్లను నోటికొచ్చినట్టు తిడతాడన్న సంగతి తర్వాత నా పాత ఫ్యాక్టరీ క్యాంటీన్ కాంట్రాక్టరు చెప్పాడు. ఆ కాంట్రాక్టరుకి అక్కడ కూడా క్యాంటీన్ ఉందట. "ముందే అడిగితే చెప్పేవాణ్ని కదమ్మా" అన్నాడు. తప్పు నాదే, కంపెనీ మీద తోయను.

ఆఫర్ లెటర్ ఇచ్చాక అసలు టెన్షన్ మొదలవుతుంది. మూడు నెలల నోటీసులో పాత కంపెనీ కౌంటర్ ఆఫర్ ఇస్తుంది, జీతం పెంచుతుంది, కారు మారుస్తుంది. అవన్నీ తట్టుకోవచ్చు. ఇంట్లోవాళ్లు వద్దంటే మాత్రం తట్టుకోలేం. ఒకాయన అహ్మదాబాద్ నుంచి రావడానికి అన్నీ ఒప్పుకున్నాక ఆయన భార్య ఫోన్ తీసుకుని, "మా పాప ఇంటర్ రెండో సంవత్సరం అండీ. మార్చి దాకా మీరు బ్రహ్మాండం బద్దలుకొట్టినా మేం కదలం" అన్నారు. ఆ తర్వాత నుంచి రెండో మీటింగులోనే పిల్లలు ఏ క్లాసో, తల్లిదండ్రులు ఎక్కడుంటున్నారో అడగడం మొదలుపెట్టాను. ముంబై ఆఫీసులో ఇది మా ఫారంలో లేదన్నారు. కలిపించాను.

ఆషాఢం సంగతి వేరే చెప్పాలి. ఒక యూరప్ కంపెనీకి హైదరాబాద్ సెంటర్ హెడ్‌ని కుదిర్చాం. జులైలో చేరాలి. ఆషాఢంలో చేరనన్నారాయన. శ్రావణం వస్తుంది కదా అనుకుంటే ఆ ఏడు మూఢం కూడా తగులుకుంది. బాసెల్‌లో ఉన్న హెచ్ఆర్ పెద్దావిడకి వీడియో కాల్‌లో శుక్రుడు సూర్యుడికి దగ్గరగా వస్తే మనవాళ్లు శుభకార్యాలు ఎందుకు చేయరో అరగంట వివరించాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుని, "అయితే ఇది కక్ష్యకు సంబంధించిన ఆలస్యమన్నమాట" అన్నారు. ఆరు వారాలు ఆగారు. మా పార్ట్‌నర్ మాత్రం మూడో వాయిదా ఆ క్వార్టర్‌లో పడలేదని మొహం ముడుచుకున్నాడు.

చెప్పడానికి ఇష్టం లేకపోయినా చెప్పాల్సినవి రెండున్నాయి. షార్ట్‌లిస్ట్‌లో ఒక మహిళైనా ఉండాలని ఇప్పుడు పెద్ద కంపెనీలన్నీ అడుగుతున్నాయి. మంచిదే. కానీ ముందే నిర్ణయమైపోయిన పోస్టుకి లెక్క సరిపోవడానికి ఒకావిడని బెంగళూరు నుంచి విమానంలో రప్పించి, ఇరవై నిమిషాలు మాట్లాడి పంపించారు. సెక్యూరిటీ గేటు దాకా నేనే దిగబెట్టాను. ఆవిడకి అర్థమైంది, నాకు ఆవిడ మొహం చూడటానికి సిగ్గేసింది. రెండోది, సొంత కంపెనీల ప్రమోటర్లు కొందరు రెజ్యూమెలో మొదట చూసేది ఇంటిపేరు. "ఏ ఊరు వీళ్లది?" అంటారు. ఊరు కాదు వాళ్లకి కావాల్సింది. తెలియదండీ అనడం నేర్చుకున్నాను. మా ఆఫీసులో ఒకరిద్దరు తెలుసుకుని చెప్పేవాళ్లు. అలాంటి పని వద్దనే హక్కు మాకు కాగితం మీద ఉంది, కాగితం మీదే ఉంది.

ఆఫ్-లిమిట్స్ అని ఇంకో నియమం. క్లయింటు కంపెనీ నుంచి రెండేళ్లపాటు మనుషుల్ని లాగకూడదు. న్యాయమే. కానీ పది మంది క్లయింట్లు అయ్యేసరికి హైదరాబాద్ ఫార్మాలో తాకకూడని కంపెనీలే ఎక్కువ, తాకగలిగేవి తక్కువ. కొత్త క్లయింటుకి ఈ సంగతి మొదటి మీటింగులో చెప్పాలా వద్దా అని ప్రతిసారీ వాదన. చెప్పేవాళ్లకి పని పోయేది.

అక్కడికే వస్తున్నాను. నా రివ్యూ అంతా ఒక్క మాటలో చెప్పమంటే, ఈ కంపెనీ మనుషుల్ని అంచనా కట్టగలవని ఉద్యోగమిస్తుంది, పని పట్టుకొచ్చినందుకు జీతమిస్తుంది. మా బోనస్ లెక్క ఇదీ: జీతానికి మూడు రెట్లు బిల్లింగ్ దాటాలి. వచ్చిన ఫీజులో పెద్ద వాటా మ్యాండేట్, అంటే క్లయింటు అప్పగించే పని, తెచ్చినవాళ్ల ఖాతాకి, చిన్న వాటా నడిపినవాళ్లకి, పేర్లు తవ్వి తీసిన రీసెర్చ్ కుర్రాళ్లకి ఏమీ లేదు. దీపావళికి మాత్రం జీడిపప్పు డబ్బా ఇస్తారు. ఎనిమిది నెలలు నేను నడిపిన ఒక సెర్చ్‌లో నలభై ఒక్కమందితో మాట్లాడాను. వైజాగ్ మూడుసార్లు వెళ్లొచ్చాను. మా పార్ట్‌నర్ క్లబ్బులో ప్రమోటర్‌తో రెండు గంటలు కూర్చున్నాడు. ఏడాది చివర్లో లెక్క చూస్తే నాకు పడింది నాలుగో వంతు కన్నా తక్కువ.

అన్నిచోట్లా ఇలాగే ఉండాలని లేదు. ఈ రంగంలో స్పెన్సర్ స్టువర్ట్, హైడ్రిక్, రస్సెల్ రేనాల్డ్స్, ఎగాన్ జెండర్, కార్న్ ఫెర్రీ అనే అయిదు పెద్ద పేర్లున్నాయి. ఇంగ్లిష్‌లో మొదటి అక్షరాలు కలిపి 'ష్రెక్' అంటారు మావాళ్లు. అందులో ఎగాన్ జెండర్‌గారు 1964లో జ్యూరిక్‌లో మొదలుపెట్టిన సంస్థ శాతం లెక్క వద్దని, ముందే మాట్లాడుకున్న ఫీజు తీసుకునే పద్ధతి పెట్టింది. పార్ట్‌నర్లకి కూడా ఎవరి బిల్లింగ్ వాళ్లకని కాకుండా, ఎన్నేళ్లుగా ఉన్నారో చూసి పంచింది. శాతం మీద ఫీజు ఉంటే మనకి ఎక్కువ జీతం మనిషే మంచి మనిషిగా కనిపిస్తాడు. నేను కూడా ఒకటి రెండుసార్లు అలా చూశాను, ఒప్పుకుంటాను. ఆయన పద్ధతి గురించి చదివి మా ముంబై ఆఫీసు టౌన్‌హాల్ మీటింగులో అడిగాను. "మంచి ప్రశ్న" అన్నారు. మంచి ప్రశ్న అంటే జవాబు రాదని అర్థం.

జీతం విషయంలో అన్యాయం జరిగిందనను. ఫ్యాక్టరీలో 16 లక్షలు వచ్చేవి, ఇక్కడ 24తో మొదలుపెట్టాను. మొదటి ఏడాది బోనస్ సున్నా. రెండో ఏడాది బాగానే వచ్చింది, మూడో ఏడాది మళ్లీ సగం. ఇంటి ఈఎంఐ ఉన్నవాళ్లు ఫిక్స్‌డ్ మీదే లెక్క వేసుకోండి. పని వేళలు కాగితం మీద తొమ్మిదిన్నర నుంచి ఆరున్నర. కానీ ఉద్యోగంలో ఉన్న మనుషులు మాట్లాడేది రాత్రి ఎనిమిది తర్వాత, లేదంటే ఆదివారం పొద్దున. మా చిన్నాడు ఆదివారం నా ఫోన్ మోగగానే "అంకుల్ టెర్రస్ ఎక్కాడా?" అని అడిగేవాడు.

స్టార్లు ఇవ్వాలంటే పనికి అయిదుకి నాలుగున్నర ఇస్తాను. కంపెనీకి రెండున్నర. ఆ అర కూడా మా రీసెర్చ్ టీమ్ కోసం, టీ పెట్టే యాదమ్మ కోసం.

ఎవరికి సరిపోతుంది? పరిశ్రమలో ఏదో ఒక మూల లోతుగా తెలిసినవాళ్లకి. వినగలిగినవాళ్లకి. మౌనం భరించలేక మధ్యలో మాట్లాడేసేవాళ్లు రాకండి. క్లబ్బులు, గోల్ఫ్, పెద్దవాళ్ల పెళ్లిళ్లలో నలుగురితో కలిసి తిరగడం ఇష్టమైతే నాకన్నా బాగా సంపాదిస్తారు, అందులో వ్యంగ్యం లేదు. చేరేముందు మాత్రం రెండు మూడు అడగండి. మ్యాండేట్ తెచ్చినవాళ్లకి ఎంత, నడిపినవాళ్లకి ఎంత, కాగితం మీద చూపించమనండి. ఇప్పుడు ఆఫ్-లిమిట్స్‌లో ఏ కంపెనీలున్నాయో అడగండి, మీకు తెలిసిన రంగం అంతా అందులోనే ఉంటే మీరు చేసేదేం ఉండదు. గత రెండేళ్లలో ఎంతమంది కన్సల్టెంట్లు మానేశారో అడగండి. వాళ్లలో ఒకరి నంబరు మీరే సంపాదించండి, కంపెనీ ఇచ్చిన నంబరు వద్దు.

చేరే తేదీ మీ ఇష్టం. నేను ఆషాఢం రెండో వారంలో చేరాను. మొన్న రాజీనామా చేశానని చెప్పగానే మా అమ్మ ఇంకే కారణమూ అడగలేదు.